పందొమ్మిది ఎర్ర గళ్ళు

ఐదూ ఎనిమిదైంది, ఇంకా మోగలేదు. ఆయన ఫోను చొక్కా జేబులో ఎడమవైపు ఉంది, అంటే ఆమె వైపే, మోగితే ఆమెకే ముందు వినిపిస్తుంది, ఆ మాటకొస్తే మోగకముందే వినిపిస్తోంది, బస్సెక్కి ఆయన పక్కన కూర్చున్నప్పట్నించీ మూడుసార్లు ఉలిక్కిపడింది, ఒకసారి ముందు సీటు ముసలాయన ఫోను, ఒకసారి కుయ్యిమంటూ మూసుకున్న బస్సు తలుపు, ఒకసారి అసలేమీ లేదు, ఉత్త భ్రమ. రోజులో ఆఖరిది మామూలుగా రాత్రి భోజనాల వేళకి వస్తుంది, వారం ముగిసే ఇవాళ మాత్రం ఐదుకీ ఆరుకీ మధ్య, ఏ నిమిషమైనా కావచ్చు. అదెప్పుడో ఎవరికీ తెలియదు, పెట్టినవాళ్ళకి కూడా తెలియదు, అదే ఈ కొత్త రకం సర్వే గొప్ప అని, నేర్పే మేడమ్ మొదటి రోజు క్లాసులోనే చెప్పింది. మనిషికి తయారయ్యే వ్యవధి ఇవ్వకూడదమ్మా, తయారైతే మంచి బట్టలేసుకుని ఫొటోకి నిలబడ్డట్టు జవాబిస్తాడు, మనకు కావలసింది ఇంట్లో చిరుగుల బనీనుతో తిరిగే మనిషి అంది. క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది, నవ్వి పుస్తకంలో రాసుకుంది కూడా. ఇప్పుడా చిరుగుల బనీను మనిషి, తను కట్టుకున్న మనిషి, పక్కనే కూర్చుని ఉన్నాడు, భుజానికి భుజం తగులుతోంది, ఈ వారానికి ఇదే ఆఖరి బీప్, నలభై రెండోది, అది మోగాక మూడో ప్రశ్న దగ్గర ఆయన ఏం నొక్కుతాడో చూడాలి, చూసి, చూసి ఏం చేస్తుంది? ఆ పైన ఆలోచన కదలట్లేదు. నోరు ఎండిపోతోంది, సంచిలో నీళ్ళ సీసా ఉంది కానీ అది తీయాలంటే ఒళ్ళో సంచిలోకి తల వంచి వెతకాలి, వంచితే ఆ జేబు కనిపించదు.

మూడో ప్రశ్న చాలా చిన్నది. మొదటిది, ఇప్పుడు ఏం చేస్తున్నారు. రెండోది, ఇప్పుడు మనసెలా ఉంది, ఒకటి నుంచి ఏడు దాకా ఏదో ఒకటి నొక్కండి. మూడోది, ఇప్పుడు మీతో ఎవరున్నారు. కింద వరసగా గళ్ళు: భార్య లేక భర్త, పిల్లలు, స్నేహితులు, తోటి పనివాళ్ళు, పరిచయం లేనివాళ్ళు, ఎవరూ లేరు. ఇంతకన్నా తేలికైన ప్రశ్న లోకంలో ఉంటుందా? చంటిపిల్లని అడిగినా చెబుతుంది పక్కన ఎవరున్నారో. పదిహేడేళ్ళు గుమ్మం గుమ్మం తిరిగి సర్వేలు రాసిన మనిషి ఆమె, ఆఫీసులో కుర్రవాళ్ళంతా తలుపులక్క అని పిలుస్తారు, తలుపు తీసిన ముఖం చూసి ఆ ఇంట్లో పొద్దున్న గొడవైందో లేదో చెప్పేయగలదని పేరు. అప్పటి ప్రశ్నలే వేరు. గడచిన నెల రోజుల్లో మీరు ఎంత సంతోషంగా ఉన్నారు? అని అడిగితే ఎవరైనా ఏమంటారు, తలుపుకి చేరబడి, ఆఁ ఏదో నడుస్తోంది లెండి అంటారు, ఆమె ఫర్వాలేదు అన్న గడిలో టిక్కు పెట్టేది, మరో గుమ్మం. అవి నెల రోజులు కావు, నెల రోజుల గురించి ఆ నిమిషంలో అల్లిన కథలు అంది మేడమ్. ఆ రోజు ఎంత ఒళ్ళు మండిందో! పదిహేడేళ్ళూ కథలు మోసుకొచ్చానా నేను, ఎండల్లో, కుక్కల్ని తప్పించుకుంటూ? కానీ నేర్చుకునేవాళ్ళు ముందు వారం రోజులు తమ మీదే పెట్టుకోవాలి ఈ బీపుల్ని, అది అక్కడి నియమం, పెట్టుకుంది, నాలుగో రోజుకల్లా నోరు మూసుకుంది. ఆ రోజు రాత్రి ఎవరైనా అడిగితే రోజు బాగానే గడిచింది అనేది, ఒట్టేసి చెప్పేది కూడా, తీరా చూస్తే ఆరు జవాబుల్లో నాలుగు చోట్ల తనే రెండు నొక్కి ఉంది, విసుగు, విసుగు, తలనొప్పి, విసుగు. తన రోజు తనకే తెలియలేదన్నమాట. అప్పట్నించీ ఈ పనంటే పిచ్చి పట్టింది ఆమెకి, నలభై నాలుగేళ్ళ వయసులో మళ్ళీ పరీక్షకి చదివేదాన్లా అయిపోయింది, పొయ్యి దగ్గర కూడా జవాబుల పట్టికలే.

"సీటు దొరికింది, నయమే," అన్నాడాయన కిటికీలోంచి చూస్తూ. ఊఁ అంది. ఐదూ పన్నెండు. అసలీయన ఈ బస్సులో ఎందుకున్నాడో అడగాల్సింది, లిఫ్టులు బాగుచేసే మనిషి, ఈ వారమంతా ఊరికి అటు చివర ఏదో కొత్త బిల్డింగు అన్నాడు, ఈ బస్సు అటు పోదు, ఆమె ఆఫీసు స్టాపులో ఎక్కేసరికి కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపాడు, ఇదేంటి ఇటొచ్చారు అనబోయింది, ఇంతలో టైము చూసుకుంది, ఐదూ రెండు, అంతే, ఆ మాట ఎటో పోయింది. మోచేతి మడతలో చిన్న దూది ముక్క, పైన టేపు. పన్లో ఏదో గీరుకుని ఉంటుంది, ఆయనకది మామూలే, ఇంట్లో దూది చుట్ట తెచ్చిన పది రోజులకే అయిపోతుంది. "వెళ్ళొచ్చాను," అన్నాడు. ఎక్కడికి? "నువ్వు వెళ్ళమన్నావుగా, వెళ్ళొచ్చాను." "మంచి పని చేశారు," అంది ఆమె, చెవి జేబు దగ్గరే పెట్టి. వెళ్ళమన్నానా, దేనికి, కరెంటాఫీసుకా, కూతురి హాస్టలు కాగితాలకా, ఏదో ఒకటి అయ్యిందిగా, సంతోషం. ఆయన ఇంకో మాట అనబోయి ఆగి మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. చూశావా, ఇదీ ఈయన వరస, సగం చెప్పడం, సగం మింగడం, అందుకే ఫోన్లో కూడా ఏదో ఒకటి నొక్కేసి ఉంటాడు, ముక్కు మీద కళ్ళజోడు పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి, ఆయన నొక్కే గళ్ళకి అర్థాలు వెతుక్కుంటూ కూర్చోవడం నా ఖర్మ కాకపోతే.

ఆయన్ని ఒప్పించడానికి ఎంత బతిమాలిందో. నేర్చుకునేవాళ్ళు తలా ఒక మనిషిని తీసుకురావాలన్నారు, వారం రోజులు బీపులకి జవాబిచ్చే మనిషి. ఇరుగూ పొరుగూ అందరూ అబ్బే మాకెక్కడ తీరిక అన్నారు, ఆఖరికి ఆయన దగ్గరికొచ్చింది. రోజుకి ఆరుసార్లే, ఒక్కోటి నిమిషం కూడా పట్టదు, నా కోసం చెయ్యండి. నాకు రాయడానికేముంటుంది, లిఫ్టు గుంతలో దిగాను, లిఫ్టు గుంతలోంచి ఎక్కాను అని రాయాలి అన్నాడు నవ్వుతూ. అదే రాయండి, ఉన్నది ఉన్నట్టు, ఆ నిమిషంలో ఎలా ఉంటే అలా, మొహమాటం వద్దు, నేను చూడను, ఎవరు చూస్తారో నాకు కూడా తెలియదు అంది. అబద్ధం కాదు, అప్పటికి అది నిజమే. ఎవరు తెచ్చిన మనిషి జవాబులు వాళ్ళకి ఇవ్వరు, మార్చి ఇస్తారు, పేరుండదు, నంబరే ఉంటుంది. ఆమె తెచ్చిన మనిషి జవాబులు క్లాసులో నోట్సు పిల్లకి వెళ్ళాయి, మేడమ్ దగ్గినా రాసుకునే పిల్ల అది. ఆ పిల్ల మూడో రోజు జ్వరమొచ్చి పడిపోయింది, ఆఫీసువాళ్ళు అక్కా నీకు అనుభవం ఉంది కదా ఇవి కూడా నువ్వే చూసెయ్ అని పదకొండో నంబరు తెచ్చి ఆమె నెత్తిన పెట్టారు. తెరిచింది. మొదటి రోజు, పొద్దున్న తొమ్మిదీ పది, ఏం చేస్తున్నారు: లిఫ్టు గుంతలో దిగాను. రెండో బీప్: లిఫ్టు గుంతలోంచి ఎక్కాను. ముందు నవ్వొచ్చింది, ఒక్కతే కూర్చుని పకపకా నవ్వింది. తరవాత చెయ్యి మూతికి అడ్డం పెట్టుకుంది. అప్పుడే మూసెయ్యాలి, మూసేసి మేడమ్ దగ్గరికెళ్ళి ఈ నంబరు నాది కాదండీ అనాలి, అంతే, రెండు ముక్కలు. ఒక్కసారి చూస్తే ఏం పోయింది అనుకుంది.

ఏం పోయిందో మొదటి రోజు సాయంత్రం గడి దగ్గరే తెలిసింది. ఏడూ నలభై. మనసెలా ఉంది, రెండు. మీతో ఎవరున్నారు, ఎవరూ లేరు. ఏడూ నలభైకి ఇద్దరూ భోజనాల బల్ల దగ్గరే ఉన్నారు! ఆయన అటు, తను ఇటు, మధ్యలో ఉప్పు డబ్బా, ఆ ఫోను మోగడం తను చెవులారా విన్నది, మోగిందండీ చూసుకోండి అని చెప్పింది కూడా. పొరపాటున నొక్కి ఉంటాడు. రెండో రోజు ఏడూ ఇరవై, ఎవరూ లేరు. ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నర, ఎవరూ లేరు, ఆదివారం తొమ్మిదిన్నరకి మంచమ్మీద ఇద్దరూ ఉన్నారు, ఆయన పడుకుని, తను గోడకి చేరబడి లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని. ఎవరూ లేరు, ఎవరూ లేరు, ఎవరూ లేరు, పట్టిక కిందికి జరిపినకొద్దీ అదే, ఆ మూడో గడిలో భార్య అన్న మాట అప్పటిదాకా ఒక్కసారి కూడా లేదు. అదేదో పాడు రోగం పేరు పైకి చదివినట్టు ఒళ్ళు చల్లబడింది. ఆ తరవాత చేసిందీ ఆమె ఆ పని, ఎవరికీ చెప్పుకోలేని పని. వాళ్ళకొక నియమం ఉంది, జరిగినదానికి పొసగని జవాబు కనిపిస్తే ఆ గడికి ఎరుపు రంగు వెయ్యాలి, అంటే నమ్మదగింది కాదని, లెక్కలోంచి తీసెయ్యవచ్చని. వేసింది. మొదటిది వేసేటప్పుడు వేలు ఆగింది, రెండోదానికి ఆగలేదు, ఆ పైన చకచకా వేసుకుంటూ పోయింది, ఏం చేస్తున్నారు అంటే చెయ్యి చూసుకుంటున్నాను అని రాసిన వాటికి కూడా వేసింది, ఇదొక పనా, ఎవరైనా కూర్చుని చెయ్యి చూసుకుంటారా, వేళాకోళం కాకపోతే. పందొమ్మిది ఎర్ర గళ్ళు. వేశాక ఊపిరి ఆడింది. పదకొండో నంబరు అజాగ్రత్తగా జవాబిచ్చినట్టున్నాడు అని కింద ఒక ముక్క రాసి పంపించేసింది, రాత్రి వంట కూడా బాగా కుదిరింది.

ఇవాళ మధ్యాహ్నం రెండింటికి క్లాసులో ఆ పట్టిక గోడ మీద ప్రత్యక్షం. అంతెత్తున, ఎర్రగా. చాలా శ్రద్ధగా చూశావు అంది మేడమ్, ఆమె ముఖం వెలిగింది కూడా, సిగ్గులేని ముఖం. తరవాత మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, సరే, ఈయన ఎవరూ లేరన్నాడు, ఉన్నారని నీకెలా తెలిసింది? అంది. అంత మెత్తగా అడిగింది. పట్టికలో ఆయన చెప్పింది తప్ప ఇంకేమీ లేదే, మరి దేనికి పొసగలేదమ్మా ఇది? పద్నాలుగు మంది తలలు ఇటు తిరిగాయి. గుమ్మాల దగ్గర పదిహేడేళ్ళు ఎవరేమన్నా మాటకు మాట చెప్పిన తలుపులక్క, ఆ పద్నాలుగు ముఖాల ముందు పుస్తకంలో ఏదో వెతుకుతున్నట్టు కాగితాలు తిప్పింది. మేడమ్ అర్థం చేసుకుందో లేదో, అరవలేదు, అరిచినా బావుండేది. ఎరుపు వేసేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి, ఏ పరిస్థితిలో ఈ జవాబు నిజమవుతుంది? అది ఆలోచించి రేపు పొద్దున్న వచ్చి చెప్పు అంది. అంతే, పాఠం ముందుకు పోయింది, ఆమె మాత్రం అక్కడే ఉండిపోయింది, ఐదూ ఇరవై మూడుకి బస్సులో కూర్చుని ఇప్పటికీ అక్కడే ఉంది.

ఏ పరిస్థితిలో నిజమవుతుంది. ఒకటి, వేలు జారింది, ఒకసారి జారుతుంది, రెండుసార్లు జారుతుంది, పందొమ్మిదిసార్లు జారుతుందా. రెండు, నా మీద కోపం, కావాలని ఏడిపించడానికి నొక్కాడు, కానీ ఆయనకి నేను చూస్తున్నానని తెలియదుగా, తెలియనిదాన్ని ఏడిపించడమెలా? మూడు, మూడు, ఛ, అది ఆలోచించడానికే సిగ్గేసింది, ఇంకెవరైనా ఉన్నారేమో, మనసులో ఇంకెవరో ఉంటే పక్కనున్న పెళ్ళాం ఎవరూ లేని కిందే లెక్క, కథల్లో అలాగే ఉంటుంది, నిన్నంతా పట్టికలో ఆ ఇంకొకావిడ కోసమే వెతికింది, దొంగలా, మనసు ఐదు దాకా లేచిన గడి ఒకే ఒకటి దొరికింది, అక్కడ తోటి పనివాళ్ళు, టీ తాగుతున్నాం అని ఉంది, ఆ తోటి పనివాళ్ళెవరో ఆమెకి తెలుసు, ఒకడికి బట్టతల, ఒకడికి గురక. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బట్టతలాయనతో టీ తాగితే ఐదు, నాతో అన్నం తింటే రెండు. నేనేం చేశాను ఈయన్ని? తిట్టానా, కొట్టానా, వేళకి వండలేదా, ఇరవై ఒక్క ఏళ్ళుగా ఒక్క పూట పస్తు పెట్టానా? కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కండక్టరు టికెట్ అంటూ వచ్చాడు, తీసుకున్నాం అన్నాడాయన, రెండు టికెట్లూ ఎత్తి చూపించాడు, ఎడమ చేత్తో. రెండు టికెట్లు తీసుకున్నాడుగా, మరి టికెట్ల లెక్కకి ఇద్దరున్నారు, ఫోను లెక్కకి ఒక్కడేనా?

ఐదూ ముప్పై ఒకటి. బస్సు ఒక పెద్ద బట్టల కొట్టు ముందు ఆగిపోయింది, ముందేదో లారీ అడ్డం తిరిగిందట, డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఇప్పుడు మోగితే బావుండు. వద్దు, ఇప్పుడే వద్దు. అసలు ఈ బీప్ రాకుండా పోతే? అప్పుడప్పుడూ అలా జరుగుతుంది, సిగ్నలు లేక. అలా జరిగితే నలభై ఒకటితోనే వారం ముగిసిపోతుంది, ఒక్కటంటే ఒక్క భార్య గడి లేకుండా ముగిసిపోతుంది, పదకొండో నంబరు జీవితంలో ఆమె లేదని లెక్క తేలిపోతుంది. మోగాలి. మోగి తీరాలి. ఇప్పుడైతే తప్పించుకోలేడు, ఇంత ఇరుకు సీటు, ఇంత దగ్గర, ఆయన మోకాలు నా మోకాలికి తగులుతోంది, ఆయన చొక్కాకి ఆసుపత్రి వాసన, ఫినాయిలు, లిఫ్టేదో కడిగి ఉంటారు. "రేపట్నించి గుంతలోకి దిగొద్దన్నారు నన్ను," అన్నాడాయన. "కొన్నాళ్ళు కాదు, ఇక మొత్తానికే." "మంచిదేగా, విశ్రాంతిగా ఉంటుంది," అంది ఆమె. జేబులో వెలుతురు కనిపించింది, లేదు, ఎదురుగా వచ్చిన కారు లైటు. ఆయన ఆమె వైపు కాసేపు చూసినట్టున్నాడు, చెంప మీద ఆ చూపు తగిలింది, తిరిగి చూడాలనే అనుకుంది, ఈలోగా బస్సు కదిలింది.

ఐదూ నలభై ఆరుకి మోగింది. ఆయన నిదానంగా ఫోను బయటికి తీశాడు, కుడి చేత్తో తీసి ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు, కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి లాక్కున్నాడు. ఆమె తల నిటారుగా పెట్టి కళ్ళు మాత్రం పక్కకి తిప్పింది, పరీక్ష హాల్లో పక్కవాడి కాగితం చూసే పిల్లలా. ఇప్పుడు ఏం చేస్తున్నారు. కుడి బొటనవేలు వెళ్ళి ఒక అక్షరం మీద పడబోయి పక్కన పడింది, చెరిపాడు, మళ్ళీ పక్కన పడింది, మళ్ళీ చెరిపాడు, ఇంత తాత్సారమా, బస్సు అన్న రెండక్షరాలకి ఎంతసేపు, చివరికి ఎడమ వేలుతో రాశాడు. ఇప్పుడు మనసెలా ఉంది. రెండు. మళ్ళీ రెండే. ఇప్పుడు మీతో ఎవరున్నారు. గళ్ళ వరస వచ్చింది. భార్య అన్నది అన్నిటికన్నా పైన ఉంది, వేలు పెట్టి నొక్కడానికి అన్నిటికన్నా తేలిక. ఆయన వేలు దాని మీదుగా కిందికి పోయింది, స్నేహితులు, తోటి పనివాళ్ళు, కింది గడి దగ్గర గాల్లో ఆగింది. పదిహేడేళ్ళలో కొన్ని వేలమంది ఆమెని అడిగారు, ఏం రాయమంటావమ్మా అని, ప్రతిసారీ ఒకటే మాట చెప్పింది, మీకెలా అనిపిస్తే అలా చెప్పండి. జవాబిచ్చే మనిషి నోట్లో మాట పెట్టకూడదు, ఈ పనిలో అంతకన్నా పాపం లేదు.

"నన్ను పెట్టండి," అంది.

వేలు అలాగే ఉంది. ఆయన తల తిప్పి చూశాడు. "ఏంటి?" అన్నాడు. "నన్ను పెట్టండి. పైన ఉంది చూడండి, భార్య అని. పక్కనే ఉన్నాను కదండీ, నేను పక్కనే ఉంటే ఎవరూ లేరని ఎలా పెడతారు, రోజూ అలాగే పెడుతున్నారు, ఒక్కసారి కూడా నన్ను పెట్టలేదు," ఆమె గొంతు పెరిగింది, ముందు సీటు ముసలాయన వెనక్కి తిరిగి చూసి మళ్ళీ ముందుకి తిరిగాడు. ఆయనకి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమవుతుంటే ఆ ముఖం చూడలేకపోయింది.

"చదివావా? చూడనన్నావు."

"నా దగ్గరికే వచ్చాయి. తప్పే. చెప్పాల్సింది. ముందు మీరు చెప్పండి, నేనేం చేశానని?"

ఆయన ఎడమ బొటనవేలుతో కింది గడి నొక్కాడు. ఎవరూ లేరు. నొక్కి, దాచుకోకుండా, ఫోను ఆమెకి కనిపించేట్టు పట్టుకున్నాడు, పంపించు అన్నది కూడా ఆమె చూస్తుండగానే నొక్కాడు. ధన్యవాదాలు, మీ వారం పూర్తయింది అని వచ్చింది. ఒక్క చెంపదెబ్బ కొట్టినా ఇంత ఉండేది కాదు. "నిజమే రాయమన్నావుగా," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో, అదే భయమేసింది. "బస్సెక్కి ముప్పావు గంటైంది. ఎక్కినప్పట్నించీ నా జేబు వైపే చూస్తున్నావు. ఎందుకా అనుకున్నా. నా ముఖం ఒక్కసారి చూశావా?"

చూడకపోవడమేంటి, చూస్తూనే ఉన్నా కదా, గంటసేపట్నించీ ఈయన గురించే కదా ఆలోచిస్తున్నాను, ఈయన గురించి తప్ప ఇంకో ఆలోచన లేదు కదా, ఈయన ఏం నొక్కుతాడు, నన్నేమనుకుంటున్నాడు, నన్ను, నాకు, నేను. ఆ మాట దగ్గర కాలు జారినట్టైంది. ఏడూ నలభైకి బల్ల దగ్గర, మధ్యలో ఉప్పు డబ్బాతోపాటు తెరిచిన లాప్‌టాప్ కూడా ఉంది. ఆదివారం మంచమ్మీద, ఏమే అని పిలిచాడు, ఊఁ అంది, తన వంతుకొచ్చిన ఎనిమిదో నంబరు మనిషి మనసు ఆరు నుంచి మూడుకి ఎందుకు పడిందా అని చూసుకుంటూ. ఏ పరిస్థితిలో ఈ జవాబు నిజమవుతుంది? దొరికింది మేడమ్, రేపు పొద్దున్నే చెబుతాను, పందొమ్మిదింటికి పందొమ్మిదీ నిజమే మేడమ్. చూశారా, ఇప్పుడు కూడా, ఈ నిమిషంలో కూడా మేడమ్‌కి జవాబు చెప్పుకుంటోంది గానీ పక్కనున్న మనిషి వైపు తిరగలేదు. తిరిగింది. బలవంతాన మెడ పట్టుకుని తిప్పినట్టు తిరిగింది. ఆయన గెడ్డం రెండు రోజులది. కళ్ళ కింద ఉబ్బు. కుడి చెయ్యి తొడ మీద పెట్టుకుని ఉన్నాడు, దాని మీద ఎడమ చెయ్యి, ఊరికే పెట్టుకున్నట్టు లేదు, గట్టిగా అదిమి పట్టుకున్నట్టుంది. ఆ ఎడమ చేతి కింద ఏదో కదులుతోంది. బస్సు కుదుపు కాదు. బస్సు ఆగి ఉంది, స్టాపులో ఎవరో ముసలావిడ దిగుతోంది, అయినా అది కదులుతూనే ఉంది.

"చెయ్యి తియ్యండి," అంది. తీయలేదు. ఆమే తీసింది. కుడి చేతి వేళ్ళు, ముఖ్యంగా బొటనవేలూ చూపుడువేలూ, ఒకదానికొకటి రాసుకుంటూ, వాటంతటవే, ఆయనకేమీ సంబంధం లేనట్టు వణుకుతున్నాయి. అరచేతిలో అరచెయ్యంత నట్టు పట్టుకుని చీకట్లో బిగించే వేళ్ళు. ఫినాయిలు వాసన, మోచేతిలో దూది, అటు పోని ఈ బస్సు, అన్నీ ఒక్కసారి వచ్చి మీదపడ్డాయి. "డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారా?" "వెళ్ళొచ్చానని చెప్పాగా." "ఏమన్నాడు?" "గుంతలోకి దిగొద్దన్నాడు, చెప్పాగా." "ఎన్నాళ్ళయింది ఇలా?" "నాలుగు నెలలు." నాలుగు నెలలు! ఆమె గొంతు కీచుమంది. "నాలుగు నెలల్నించి చెయ్యి ఇలా ఉంటే నాకు ఒక్క మాట ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్పాను," అన్నాడు.

ఆ మాట ఆయన ఎప్పుడు చెప్పాడో ఆమె వెతుక్కుంది, దొరికింది కూడా, సగమే, వేళ్ళు మాట వినట్లేదే అని వంటింటి గుమ్మంలో నిలబడి ఎవరో అన్నట్టు, వయసొచ్చింది కదా, వెళ్ళి చూపించుకోండి అని ఎవరో జవాబిచ్చినట్టు. ఆ ఎవరో తనే. మిగతాసార్లు గుర్తుకే రాలేదు. ఆమె ఒళ్ళో సంచి తీసి కింద కాళ్ళ దగ్గర పెట్టింది, సీట్లో అడ్డంగా తిరిగి కూర్చుంది, నడవలో వెళ్ళేవాళ్ళకి మోచెయ్యి తగిలి విసుక్కుంటున్నా జరగలేదు, ఆ కుడి చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. అది అక్కడ కూడా ఆగలేదు.

"మళ్ళీ చెప్పండి," అంది. "మొదట్నించి."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు, ఎంతసేపుంటుందో ఇది అన్నట్టు, నమ్మకం లేనట్టు. వాళ్ళ వెనక ఎవరో గంట కొట్టారు, బస్సు నెమ్మదించింది. "ఆ రోజు పన్నెండో అంతస్తులో ఉన్నాను," అన్నాడు ఆఖరికి. "స్పానరు జారి కింద పడిపోయింది. వంగి తీసుకున్నా. మళ్ళీ జారింది."

"ఊఁ," అనబోయి ఆగింది. "తరవాత?"